క్రిమినాలజీ క్లాసు అయిదున్నరకే

మునిరాజును నగర్తపేటలో అందరూ సరిగ మునిరాజు అనేవారు. వాళ్ళ నాయన మగ్గం నేసినవాడు. మునిరాజు మాత్రం పదో తరగతి పాసయ్యాక మగ్గం గుంటలో కాళ్ళు పెట్టకుండా, అదే సందులో ఉన్న సరిగ కార్ఖానాలో చేరాడు. పట్టుచీర అంచుల్లో మెరిసే సరిగ దారాన్ని కండెలకు చుట్టే పని. తల వెంట్రుక కన్నా సన్నని దారం తెగితే, మునిరాజు ముడివేసిన చోటు ఎంత వెతికినా కనబడదని షావుకారే పదిమందిలో చెప్పుకొనేవాడు.

1971లో, శ్రావణమాసపు పెళ్ళిళ్ళ అదనులో, ఆ కార్ఖానాలో పన్నెండు కండెలు మాయమయ్యాయి. తాళంచెవి మునిరాజు దగ్గర ఉండేది. షావుకారు స్టేషనుకు వెళ్ళి నోటిమాటగా చెప్పి వచ్చాడు. కాసేపటికి ఒక హెడ్ కానిస్టేబులు సైకిలు మీద వచ్చి, కొంచెం మాట్లాడేది ఉంది రమ్మని మునిరాజును వెనక కూర్చోబెట్టుకొని తీసుకుపోయాడు. ఆయన పేరు నాగప్ప. కోలారు వైపు మనిషి, ఇంట్లో మాట్లాడేది తెలుగే.

స్టేషను వెనక గదిలో మునిరాజు రెండు రోజులు ఉన్నాడు. నాగప్ప అరిచే మనిషి కాదు. "చెప్పేయప్పా, నాకూ ఇంటికి పోవాలని ఉండాది" అని మెత్తగా అంటూనే, కుడిచెయ్యి బెంచీ మీద పెట్టించి లాఠీ కొసతో వేళ్ళ మీద కొట్టేవాడు. నొప్పి కొన్నాళ్ళకు మరుపుకు వచ్చింది గాని, ఆ 'అప్పా' అన్న పిలుపు ఎన్నేళ్ళయినా మరుపుకు రాలేదు. కన్నతల్లి నోట విన్న మాట అది.

మూడోనాటి పొద్దున, కండెలు తీసింది షావుకారి మేనల్లుడేనని తేలింది. ఇంటి పిల్లవాడు గనక షావుకారు కేసు వద్దన్నాడు. మునిరాజును పొమ్మన్నారు. తల్లి చౌడమ్మ ఊరుకోలేదు. కొడుకు చేతికి కట్టుకట్టించి, ఒక వకీలు దగ్గరికి తీసుకెళ్ళింది. వకీలు ఒక్కొక్కటే అడిగాడు. అరెస్టు కాగితం ఉందా? కేసు నంబరు ఉందా? స్టేషను డైరీలో పేరు ఉందా? అన్నిటికీ లేదనే జవాబు.

"కాగితం ప్రకారం నువ్వు స్టేషను మెట్టే ఎక్కలేదు గదప్పా. ఏమని కేసు వేసేది?" అన్నాడు వకీలు.

కట్టు విప్పాక చిటికెనవేలూ, ఉంగరపువేలూ వంగలేదు. దారం ముడి ఇక పడదు. పని పోయింది. మునిరాజు ఏడాదిపాటు పలక మీద ఎడమచేత్తో అక్షరాలు దిద్దాడు. 1973లో పేటకు దగ్గర్లో ఒక ట్రస్టువాళ్ళు నడిపే సాయంకాలపు కాలేజీలో అటెండరుగా కుదిరాడు. ఆ కాలేజీలో చదివేవాళ్ళంతా పగలు ఉద్యోగాలు చేసుకొనేవాళ్ళే. బి.ఎ.కు ముందరి పి.యు.సి. ప్రైవేటుగా పాసై, మూడేళ్ళకు గుమాస్తా అయ్యాడు. అనసూయను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇంట్లో ఊదుబత్తులు చుట్టేది.

కాగితం లేకపోవడం ఏం చేస్తుందో తెలిసినవాడు గనక, కాగితాన్ని మునిరాజు కొలిచినట్టు ఎవరూ కొలవలేదు. యూనివర్సిటీ రూల్సు పుస్తకం అతనికి కంఠతా వచ్చు. ఏ సబ్జెక్టుతో ఏది కలుస్తుంది, హాజరు ఎంత ఉండాలి, ఏ తేదీ దాటితే ఏ తలుపు మూసుకుంటుంది, అన్నీ అతన్నే అడిగేవారు. సరిగ మునిరాజు చేతిలో పడ్డ అర్జీ వెనక్కి రాదని కాలేజీలో పేరు.

1979 జూన్‌లో ఆ కాలేజీ బి.ఎ.లో క్రిమినాలజీ మొదలుపెట్టింది. నేరాలు ఎందుకు జరుగుతాయి, పోలీసు ఏం చేయాలి, జైలు ఎట్లా ఉండాలి, ఇవన్నీ పాఠాలు. మొదటివారంలోనే ఒక వాన సాయంత్రం, కౌంటరు కమ్మీల అవతల నుంచి ఒక మెత్తని గొంతు వినిపించింది.

"ఏమప్పా, కొత్త సబ్జెక్టుకు ఒక అర్జీ ఇయ్యి."

మునిరాజు తల ఎత్తకముందే కుడిచెయ్యి దానంతటదే బల్ల కిందికి పోయింది. నాగప్ప మఫ్టీలో ఉన్నాడు. మీసం కొంచెం నెరిసింది. పి.యు.సి. ప్రైవేటుగా కట్టి పాసయ్యాననీ, డిగ్రీ ఉంటే సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకు కూర్చోవచ్చనీ, నలభై అయిదు దాటితే ఆ అవకాశం లేదనీ, తనకు ముప్ఫై తొమ్మిదేననీ తీరిగ్గా చెప్పాడు. క్రిమినాలజీ అంటే తాను రోజూ చేసే పనే గదా, చదవకుండానే పాసవుతానని నవ్వాడు కూడా.

ఇంటికి వెళ్ళి మునిరాజు అన్నం ముందు కూర్చొని కలపలేదు. వాడు వచ్చాడని భార్యతో చెప్పాడు. అనసూయకు ఎవరో అడగాల్సిన పనిలేకపోయింది. వాడి అర్జీ ఇంకో గుమాస్తాకు ఇచ్చెయ్యమంది. అతను మరునాడు రూల్సు పుస్తకమూ, కొత్త సిలబసూ ఇంటికి తెచ్చాడు. ఆమె పక్కనే పీటమీద మూడు సాయంత్రాలు కూర్చొని, ఇల్లు కట్టుకొనేవాడు ప్లాను గీసుకున్నట్టు, ఒక చిత్తుకాగితం మీద నాగప్ప చదువంతా గీశాడు. ఆరేళ్ళు గడవాలి. అంతే కావాలి. తప్పు రాయకూడదు, కాగితం చింపకూడదు, అబద్ధపు ముద్ర వెయ్యకూడదు. అన్నీ రూలు ప్రకారమే జరగాలి.

బి.ఎ.లో మూడు ముఖ్యమైన సబ్జెక్టులు ఎంచుకోవాలి. క్రిమినాలజీతో సోషియాలజీ, కన్నడం తీసుకుంటే పనిచేసేవాళ్ళకు సులువు. సైకాలజీ, స్టాటిస్టిక్స్ తీసుకుంటే లెక్కల్లో దిట్ట అయినవాడికే గట్టు కనిపిస్తుంది. నాగప్ప వచ్చి ఏది మేలని అడిగినప్పుడు, మునిరాజు కళ్ళెత్తకుండా, ఆఫీసరు కావాలనుకొనేవాడికి లెక్కలు తెలిస్తే గౌరవం, ఆపైన మీ ఇష్టమన్నాడు. నాగప్ప ఒక్కక్షణం ఆలోచించి, తన చేత్తోనే స్టాటిస్టిక్స్ అని రాసి సంతకం పెట్టాడు.

రెండోది టైంటేబిలు. క్రిమినాలజీ చెప్పే లెక్చరరు పగలు కోర్టులో వకీలు. అయిదున్నరకైనా, ఏడింటికైనా తనకు ఒకటేనన్నాడు. టైంటేబిలు రాసే పని ప్రిన్సిపాలు మునిరాజుకే వదిలేశాడు. స్టేషన్లో ఆరింటికి హాజరు పిలుస్తారని, అది ముగించుకొని వస్తానని నాగప్ప ముందే చెప్పి ఉన్నాడు. మునిరాజు వారంలో నాలుగు రోజులు క్రిమినాలజీని అయిదున్నరకు వేశాడు. నూటికి డెబ్భై అయిదు హాజరు లేనివాణ్ణి పరీక్షకు రానివ్వరు.

ఏడాది తిరిగేసరికి, హాజరు చాలనివాళ్ళ జాబితా మునిరాజే టైపు చేశాడు. నాగప్ప పేరు కొట్టేటప్పుడు టైపుమిషను మీద అతని కుడిచేతిలో మిగిలిన మూడు వేళ్ళూ ఎంత గట్టిగా పడ్డాయంటే, కాగితానికి అక్షరాల దగ్గర చిల్లులు పడ్డాయి. ఆ సంతోషం ఒక్క వరసే నిలిచింది. నాగప్ప కింద ఇంకొక పేరు ఉంది. రూతు.

రూతు ఒంగోలు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబపు పిల్ల. నేరంలో పట్టుబడ్డ చిన్నపిల్లల్ని ఉంచే హోములో ఆయాకూ వార్డెనుకూ మధ్య ఉద్యోగం ఆమెది. ఈ డిగ్రీ ఉంటే, ఆ పిల్లల కేసులు చూసే ప్రొబేషను ఆఫీసరు కావచ్చని చేరింది. అయిదింటికి డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి వచ్చేసరికి ఆరయ్యేది. ఆమె కౌంటరు దగ్గరికి వచ్చి ఏడవలేదు, గొడవ చెయ్యలేదు.

"పిల్లల్ని వదిలేసి ముందుగా రాలేనండి. ఆ క్లాసు ఏడింటికి పెడితే ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగింది.

"లెక్చరరుకు కుదరదంటమ్మా," అన్నాడు మునిరాజు.

మొత్తం పన్నాగంలో అతను నోటితో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆమెకు మినహాయింపు ఇవ్వమని యూనివర్సిటీకి అర్జీ తనే రాసి, రెండుసార్లు తనే వెళ్ళి తిరిగాడు. హాజరు మరీ తక్కువైందని తిప్పి పంపారు. రూతుకు ఒక ఏడాది పోయింది. మరుసటేడు హోము సూపరింటెండెంటుకు కాలేజీ తరఫున ఉత్తరం రాసి, ఆమెను నాలుగున్నరకే వదిలేట్టు చేశాడు. క్లాసు మాత్రం అయిదున్నర నుంచి కదల్చలేదు.

ఆ ఏడు నాగప్ప కూడా ఇన్‌స్పెక్టరు కాళ్ళావేళ్ళా పడి సాయంత్రపు హాజరు తప్పించుకున్నాడు. క్లాసులకు వచ్చాడు. క్రిమినాలజీ పాసయ్యాడు, సైకాలజీ పాసయ్యాడు, స్టాటిస్టిక్స్‌లో పదకొండు మార్కులు తెచ్చుకున్నాడు. 1981 జూన్‌లో యూనివర్సిటీ నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. ఒక సబ్జెక్టు తప్పినవాళ్ళు దాన్ని వదిలి వేరేది తీసుకోవచ్చు, పదిహేను రోజుల్లో అర్జీ ఇవ్వాలి. నోటీసు అంటించాలని రూలు ఉంది. ఎక్కడ అంటించాలన్న రూలు లేదు. మునిరాజు దాన్ని ఆడవాళ్ళ గదిలోని బోర్డుకు అంటించి, అంటించిన తేదీ రిజిస్టరులో రాసుకున్నాడు.

ఈ సంగతులన్నీ అనసూయకు తెలుసు. ఆమె మొదట్లో భయపడింది, తరువాత విసిగింది. కాలేజీ నౌకరీ చేసేవాడికి ఫీజు మాఫీ ఉంది గదా, నువ్వే ఆ క్లాసులో చేరరాదా అని పోరేది. చేరితే వాణ్ణి కనిపెట్టేదెవరు అనేవాడు.

"వాడు నీ చెయ్యి ఒకటే తీసుకున్యాడు. మిగిలిందంతా నువ్వే తీసుకుపోయి వాడికిస్తా ఉండావు" అంది ఆమె ఒక రోజు, ఊదుబత్తి పిండి చేతులతోనే.

అతను ఆ పూట ఇంట్లో అన్నం తినలేదు. కాలేజీకి మాత్రం ఎప్పటికన్నా అరగంట ముందే వెళ్ళాడు.

నాగప్ప వదిలే మనిషి కాదు. 1983 వచ్చేసరికి రూతు సెకండు క్లాసులో పాసై వెళ్ళిపోయింది. నాగప్పకు స్టాటిస్టిక్స్ పేపర్లు తప్ప అన్నీ అయిపోయాయి. మళ్ళీ కట్టాడు, తప్పాడు. మళ్ళీ కట్టాడు, ఒకటి గట్టెక్కి ఒకటి మిగిలింది. కళ్ళజోడు పెట్టుకొని, ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చొని, బీటు పుస్తకం వెనక అట్టమీద సగటులూ భేదాలూ వేసుకొనేవాడు. ఊరికి వెళ్ళి వచ్చినప్పుడల్లా మామిడిపళ్ళు తెచ్చి కౌంటరు మీద పెట్టేవాడు. బేజారైపోయిందప్పా, ఈ వయసులో ఈ లెక్కలేమిటి అనేవాడు. ఆ పళ్ళను మునిరాజు ఇంటికి పట్టుకెళ్ళేవాడు కాదు, స్టాఫుకు పంచేవాడు. అయినా ఆ మనిషి పెదాలు కదుపుకుంటూ సూత్రాలు వల్లెవేసుకోవడం రోజూ చూసి చూసి, మునిరాజు లోపల బిగిసి ఉన్నది ఎక్కడో ఒక చోట సడలింది. అది అతనికే నచ్చలేదు.

1984 ఆగస్టు చివర, అక్టోబరు పరీక్షకు అర్జీ పెట్టే చివరి తేదీ. నాగప్పకు మరుసటి మార్చికి నలభై అయిదు నిండుతాయి. ఇదే ఆఖరు పరీక్ష. బందోబస్తు డ్యూటీ ముగించుకొని యూనిఫారంలోనే, ఆరు కావస్తుండగా పరుగున వచ్చాడు. అర్జీ మీద ప్రిన్సిపాలు సంతకం కావాలి. ప్రిన్సిపాలు అప్పటికే సంచీ సర్దుకొని, వాకిట్లో కారు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

మునిరాజు అర్జీ తీసుకొని చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయిదేళ్ళు చాలులే అనుకున్నాడు. కాగితం పట్టుకొని లేచాడు. నాలుగు అడుగులు వేస్తే వాకిలి. ఆ లేవడం చూసి నాగప్పకు గుండె కుదుటపడింది. కమ్మీల్లోంచి చెయ్యిచాచి, మునిరాజు భుజం తట్టాడు.

"నిన్ను నేను మొదటి రోజే గుర్తుపట్టినా మునిరాజూ. ఆ సరిగ కార్ఖానాలోనోడివి గదా నువ్వు."

మునిరాజు ఆగిపోయాడు.

"ఇంకో గుమాస్తా కూడా ఉండె గదా అప్పుడు. నేను కావాలనే నీ దగ్గరికి వచ్చినా" అన్నాడు నాగప్ప, మెచ్చుకోలుగానే. "ఒకసారి దెబ్బ తిన్నోడు జన్మలో పని తప్పు చెయ్యడప్పా. నా సర్వీసులో నేను నేర్చుకున్యా ఈ మాట. చూడు, అయిదేండ్లు ఎంత బాగా చేసినావో."

మునిరాజు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. అర్జీని బల్లమీద పెట్టి, దానిమీద పేపరు వెయిటు పెట్టాడు. వాకిట్లో కారు తలుపు పడింది. ఇంజను రెండుసార్లు దగ్గి పట్టుకుంది. గేటు దాటి శబ్దం సన్నగిల్లేదాకా అతను పేపరు వెయిటు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ప్రిన్సిపాలు పోయినారు," అన్నాడు అప్పుడు.

రేపు చేయించమన్నాడు నాగప్ప.

"రేపు లేదప్పా. తేదీ ఈ పొద్దుతో సరి."

ఆ తరువాత మునిరాజు అన్నీ చెప్పాడు. గొంతు పెంచలేదు. మూడు సబ్జెక్టులు కుదిర్చిన సంగతి, క్లాసును అయిదున్నరకు వేసిన సంగతి, ఆడవాళ్ళ గదిలో నోటీసు సంగతి, ఏ ఏడాదిది ఆ ఏడాదికి విడదీసి, కొత్తగా చేరేవాళ్ళకు నియమాలు చెప్పినట్టు చెప్పాడు. నాగప్ప చెయ్యి కమ్మీల్లోంచి దూసుకొచ్చి అతని కాలరు పట్టుకుంది. ఫీజు కట్టడానికి వరుసలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగారు. మునిరాజు కదల్లేదు.

"కొట్టు. ఈసారి కొడితే కాగితముంటాది," అన్నాడు.

నాగప్ప చెయ్యి జారిపోయింది. ప్రిన్సిపాలుకు చెప్తాననీ, కోర్టుకు పోతాననీ అన్నాడు.

"పో. సబ్జెక్టులు రాసిన చెయ్యి నీది, సంతకం నీది. నోటీసు పెట్టిన తేదీ రిజిస్టర్లో ఉండాది. ఏమని కేసు వేస్తావు?"

నాగప్ప టోపీ తీసి చేత్తో పట్టుకొని, కాసేపు ఆ కమ్మీల ముందే నిలబడ్డాడు. ఆ మనిషి ముఖం ఒక్కసారిగా ముసలిదైంది. మునిరాజు దాన్ని కళ్ళారా చూశాడు. తరువాత వరుసలో ఉన్నవాణ్ణి ముందుకు రమ్మన్నాడు.

ఆపైన నాలుగైదు నెలలు అనసూయ వీధిలో బూటు చప్పుడు వింటే చాలు, తలుపు గడియ పెట్టేది. నాగప్ప ఏమీ చెయ్యలేదు. కోర్టుకూ పోలేదు. మార్చి వచ్చింది, పోయింది. 1985 జూన్‌లో మునిరాజు క్రిమినాలజీ క్లాసును ఏడింటికి మార్చాడు. అదే వారం తన పేరున ఒక అర్జీ నింపుకున్నాడు. సోషియాలజీ, కన్నడం తీసుకున్నాడు. నలభై దగ్గరపడుతున్న గుమాస్తా వెనక బెంచీలో కూర్చుంటే, క్లాసులో ఉన్న కానిస్టేబుళ్ళు మొదట్లో నవ్వారు. అతనికి చదువు బాగానే అబ్బింది.

1987లో, చివరి ఏడు చదివేవాళ్ళంతా పిల్లల హోము చూసి రావాలని లెక్చరరు చెప్పాడు. దానికి ప్రొబేషను ఆఫీసరు అనుమతి కావాలి. ఆ కాగితం పట్టుకొని మునిరాజే వెళ్ళాడు. ఆఫీసు వరండాలో బెంచీ మీద నాగప్ప కూర్చొని ఉన్నాడు. ఇంకా హెడ్ కానిస్టేబులే. ఒళ్ళో ఏదో పిల్లవాడి కేసు ఫైలు ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పలకరించుకోలేదు.

లోపల బల్ల వెనక రూతు ఉంది. మునిరాజును చూడగానే లేచి, కూర్చోండంది. అతనికి ఆ క్షణంలో తన జన్మకు ఇంతకు మించిన పండుగ లేదనిపించింది. బయట వాడు బెంచీ మీద, లోపల ఈమె, మధ్యలో తను. రూతు కాగితం చదివింది. సంతకం చేయబోయి పెన్ను ఆపింది.

"నాగప్పగారు ఫైళ్ళు తెచ్చినప్పుడల్లా ఒక మాట చెప్తుంటారండి. ఆయన చదువు మీరే పాడుచేశారని. నిజమేనా?"

"నిజమే మేడం." అతను దాచలేదు. ఎందుకో కూడా చెప్పాడు, కుడిచెయ్యి బల్లమీద పెట్టి చూపించాడు. ఆమె ఆ చేతిని చూసింది. ఆమె కళ్ళలో జాలి కదిలింది, అయితే అడగవలసింది మరిచిపోలేదు.

"మరి లెక్చరరుగారికి ఏడింటికి కుదరదన్నారు గదండీ నాతో. అదీ..."

"ఆయనకు ఎప్పుడైనా కుదురుతా ఉండె."

రూతు పెన్ను బల్లమీద పెట్టింది. ఆ ఏడాది పోకుండా ముందే పాసై ఉంటే, అప్పట్లో ఖాళీ అయిన పోస్టు తనకు వచ్చేదనీ, ఇంకో రెండేళ్ళు అదే హోము జీతంతో తమ్ముణ్ణి చదివించలేక మాన్పించవలసి వచ్చిందనీ చెప్పింది. తప్పైపోయిందమ్మా అన్నాడు మునిరాజు. ఆ మాట అతను మనసారా అన్నాడు. ఆమె విన్నట్టు తల ఊపలేదు. కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి, అతని వైపు జరిపింది.

"బయట ఆయన్ని లోపలికి రమ్మనండి," అంది.

మునిరాజు వరండాలోకి వచ్చాడు. రూతు ముందు పడ్డ సిగ్గు ముఖం మీద ఇంకా వేడిగానే ఉంది. నాగప్ప విషయంలో మాత్రం, అక్కడే ఆ బెంచీ ముందు నిలబడి, తన లోపల అంతా తడిమి చూసుకున్నా అటువంటిదేదీ దొరకలేదు.

"మేడం పిలుస్తా ఉండారు. పో," అన్నాడు.

నాగప్ప ఫైలు చంకన పెట్టుకొని, టోపీ సర్దుకొని లేచాడు. అతను తలుపు దగ్గర ఆగి, లోపలికి సెల్యూట్ కొట్టేదాకా మునిరాజు అక్కడే నిలబడి చూశాడు. చూసి, బస్‌స్టాపుకు నడిచాడు.